కరియ ఎవరి వంతు

ఎర్రమిట్ట,
9 జూలై 1984

బాలప్పకు అన్న ఈశ్వరప్ప రాస్తున్నది.

నువ్వు బాగున్నావా అని అడగను. మన గొర్రెలను రాత్రి తోలే రొప్పం గోడ ఎక్కి చూస్తే వంక అవతల నీ కొట్టం పొగ కనపడుతుంది. పొద్దున్నే పొగ లేస్తున్నది కాబట్టి బాగానే ఉన్నావనుకుంటాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఉగాది అయినాక మైలారలింగప్ప గుడి ముందు పసుపు బండారు చేత పట్టుకుని మనం చేసిన ప్రమాణంలో రెండే మాటలున్నాయి. నోరు విప్పి ఒకరితో ఒకరం మాట్లాడకూడదు. మనిషి చేత కబురు పంపకూడదు. ఉత్తరం సంగతి ఎవరూ ఎత్తలేదు. పోస్టు సర్కారుది. అది నీ మనిషీ కాదు, నా మనిషీ కాదు. అయినా అనుమానం పోక పూజారి మారెప్పను అడిగాను. "రాసుకోండప్పా, దేవునికి చదువొచ్చా ఏమన్నా" అన్నాడు. అందుకే రాస్తున్నా.

విషయం మన మందకుక్క కరియ. పంపకాలు నువ్వు మరిచిపోయినట్టున్నావు కాబట్టి మళ్ళీ చెబుతాను. భూమీ బోరూ కావాలన్నాను నేను. గొర్రెలే కావాలన్నావు నువ్వు. మందలో ముక్కాలు భాగం నీకిచ్చి, ఎరువుకు సరిపడా కాసిన్ని గొర్రెలు నేను ఉంచుకున్నా. కుక్క దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులు పాత పద్ధతి పెట్టారు. నీ గొర్రెలు ఒక పక్క, నావి ఒక పక్క నిలబెట్టి, నడుమ కరియను వదిలారు. ఏ పక్కకు పోతే వాళ్ళది. వాడు ఏ పక్కకూ పోలేదు. రెండు మందలనూ ఒకటి చేయాలని చుట్టూ పరుగెత్తి, చేతగాక, నాలుక వేలాడేసుకుని నడుమ దుమ్ములో పడుకున్నాడు. ఊరంతా నవ్వింది. చివరికి "పెద్దోని ఇంట్లో పుట్టింది, పెద్దోనికే" అని తీర్పు చెప్పి, బదులుగా నీకొక చూడి గొర్రెను ఇప్పించారు. గొర్రెను తీసుకున్నావు. మళ్ళీ కుక్కను కూడా తీసుకుంటే ఎట్లా?

రాత్రి నా ఇంట్లో సంగటి తింటాడు. నా రొప్పం ముందు పడుకుంటాడు. ఊరు సద్దుమణిగి నేను ఒకసారి లేచి చూసేసరికి ఉండడు. పొద్దెక్కినాక వస్తాడు, కాళ్ళకు వంక ఇసుక, ఒళ్ళంతా నీ గొర్రెల వాసన. వచ్చి నీడలో పడి నిద్రపోతాడు. నేను కుక్కను పెంచుతున్నానా, నీ జీతగానికి పగటి పడక ఇస్తున్నానా? నువ్వు పిలుస్తున్నావు. పిలవడం మానుకో.

ఈశ్వరప్ప

&nbsp;

గుండ్లకొట్టాల,
16 జూలై 1984

అన్న ఈశ్వరప్పకు,

నీ ఉత్తరం చేరింది. కంటికి కనపడే ఊరి నుంచి కళ్యాణదుర్గం పోయి, ఆడ ముద్ర గుద్దించుకుని, బస్సెక్కి, టపా మనిషి సైకిలెక్కి, తీరికగా చేరింది. అదే దూరం కరియ నేను అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల వస్తాడు.

నీ కుక్కను నేను పిలవలేదు. పిలిచే అవసరం నాకు లేదు. మొదటి రోజు వచ్చినప్పుడు రాయి తీసుకుని విసిరాను. రాయి అందని దూరంలో కూచున్నాడు. ఇంకా గట్టిగా విసిరాను. ఇంకొంచెం అవతల కూచున్నాడు. నా చెయ్యి నొప్పి పుట్టి నేనే మానుకున్నాను. అప్పుడు లేచి వచ్చి, రొప్పం చుట్టూ ఒకసారి తిరిగి, గొర్రెలను ముక్కుతో చూసుకుని, గుమ్మానికి అడ్డం పడుకున్నాడు. నువ్వే చెప్పు, ఇందులో నా తప్పేమిటి?

నువ్వు ప్రమాణంలో ఎన్ని మాటలున్నాయో లెక్క పెట్టగలవు గానీ వాడు ఎట్లా పెరిగాడో మరిచిపోయావు. తల్లి చచ్చిపోతే కళ్ళు తెరవని పిల్లను నాయన తెచ్చి గొర్రె పొదుగుకు అంటించాడు. ఆ గొర్రెల పొట్టల కింద పెరిగాడు. మందకుక్క అంటే అంతే కదా. ఇంటి కుక్కకు ఇల్లు కావాలి, మందకుక్కకు మంద కావాలి. పంపకాలు మనకు జరిగాయి. వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి లెక్కలో సగం మంద తప్పిపోయింది. పగలు ఒక సగాన్ని, రాత్రి ఒక సగాన్ని కాస్తున్నాడు.

ఇంకొక మాట. వాడి పక్కటెముకలు బయటపడ్డాయి. మా ఇంటామె రామాంజినమ్మ చూసి "మీ వదిన సంగటి పెట్టేది మానుకున్నట్టుండాది" అన్నది. నీ కుక్క నీకు బరువైతే ఆ మాట రాయి. లేదా కట్టేసుకో.

బాలప్ప

&nbsp;

ఎర్రమిట్ట,
25 జూలై 1984

బాలప్పకు,

నీ ఉత్తరాన్ని మీ వదిన నా చేత చదివించుకుంది. ఆ ఎముకల మాట దగ్గరికి వచ్చేసరికి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "రాయి, మీ తమ్మునికి రాయి. నేను పెట్టే సంగటి ముద్ద ఆయమ్మ ఎత్తను కూడా ఎత్తలేదని రాయి" అన్నది. రాశాను. ఇక వాళ్ళూ వాళ్ళూ చూసుకోనీ. తోడికోడళ్ళకు ప్రమాణం లేదు కదా, సంతలో ఎదురుపడి తేల్చుకోమను.

వాడు చిక్కింది తిండి లేక కాదు. రెండు ఊళ్ళ కాపలా ఒక్క ఒంటితో చేసి. నీకు పొలం లేదు కాబట్టి రాత్రి చేను కాపలా తెలియదు. వేరుశనగ మొలకెత్తింది మొదలు అడవి పందులు దిగుతున్నాయి. కరియ ఇక్కడ ఉండాలి. నువ్వు కట్టేసుకోమన్నావు, కట్టేశాను.

తాడుతో కడితే కొరికి పోయాడు. ఎద్దు గొలుసు తెచ్చి కట్టాను. దాన్ని కొరకలేడు కాబట్టి ఏడుపు మొదలు పెట్టాడు. మొరగడం కాదు, ఆడమనిషి శోకం పెట్టినట్టు. ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. పొద్దున పక్కింటి గంగాధరప్ప వచ్చి, "ఏమప్పా, మీ ఇంట్లో ఎవరన్నా పోయినారా ఏమి, మాకు చెప్పనే లేదే" అని అడిగి పోయాడు. సంగటి పెడితే వాసన చూడలేదు. మజ్జిగ పోస్తే మొహం తిప్పుకున్నాడు. కూచోబెట్టి తిట్టాను. తిడితే ఆవలిస్తాడు. నేను తిట్టడం ఆపగానే వచ్చి నా మోకాలి మీద తల పెడతాడు.

ఎద్దును తిడితే దానికి పట్టదు. పిల్లిని తిడితే లేచి పోతుంది. మనిషిని తిడితే గుడి ముందుకు లాక్కుపోయి ప్రమాణం చేయిస్తాడు. తిట్టినోడి చేతినే వచ్చి నాకే జంతువు ఇదొక్కటే. దీనితో కోపంగా ఉండడం ఎట్లాగో నాకు తెలియడం లేదు.

నీకు ఒక దారి చెబుతాను. "అన్నా, నాకు కరియ కావాలి" అని ఒక్క వరుస రాయి. పందుల సంగతి నేను చూసుకుంటాను. వాడిని ఇచ్చేస్తాను. అడిగితే ఇస్తా. అయినా నువ్వు అడగవని నాకు తెలుసు.

ఈశ్వరప్ప

&nbsp;

గుండ్లకొట్టాల,
4 ఆగస్టు 1984

అన్న ఈశ్వరప్పకు,

నువ్వు గొలుసు వేసి కట్టిన ఆ రాత్రే తోడేళ్ళు వచ్చాయి. ఒక గొర్రె పోయింది. ఇంకొక దాని తొడ చీల్చాయి. కంప చుట్టూ గట్టిగానే వేశాను, నెగడు కూడా ఉంది. నేను కర్ర తీసుకుని లేచేసరికి అయిపోయింది. మనిషి లేచేసరికి ఎప్పుడూ అయిపోయే ఉంటుంది. మనకు వినపడని అడుగు కుక్కకు వినపడుతుంది, మన ముక్కుకు తెలియని వాసన దాని ముక్కుకు తెలుస్తుంది. వాడు ఆ రాత్రి ఏడ్చింది గొలుసు కోసం అనుకున్నావు నువ్వు. నేనట్లా అనుకోవడం లేదు.

ఇట్లాగే ఇంకో నాలుగు రాత్రులు జరిగితే నా చేతిలో మంద ఉండదు. నాకు బోరు లేదు, చేను లేదు. గొర్రెలు పోతే నేను బెంగుళూరు పోయి ఇటుకలు మోయాలి. ఇది నీకు తెలియక కాదు. అయినా అడగమంటున్నావు. నాయన రొప్పంలో పుట్టి, నా కంబళి కింద పడుకుని పెరిగిన కుక్కను నేను నీ ముందు చెయ్యి చాచి అడుక్కోవాలా? అడగను. మంద మొత్తం పోయినా అడగను.

తాత చెప్పేది గుర్తుందా? కుక్కా తోడేలూ ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములంట. ఒకడు మనిషి వేసుకున్న నెగడు దగ్గరికి వచ్చి, ఎముక తీసుకుని, తోక ఊపి అక్కడే ఉండిపోయాడు. ఒకడు చీకట్లో నిలబడి, వాడిని చూసి పళ్ళు కొరుక్కున్నాడు. అప్పటి నుంచి వాళ్ళకు మాటల్లేవంట. రాత్రి ఆ చీల్చిన గొర్రెకు పసుపు అద్దుతూ ఇదే అనుకున్నాను.

బాలప్ప

&nbsp;

ఎర్రమిట్ట,
13 ఆగస్టు 1984

బాలప్పకు,

తాత కథ రాశావు. మనిద్దరిలో తోడేలు ఎవరో తేల్చి రాయలేదు. నేనే అనుకుంటున్నావు కాబోలు. కానీలే.

పోయింది ఏ గొర్రె? ఎర్రచెవులదా? దాని తల్లిని నేనే చేతుల మీద పెంచాను. తొడ చీలిన దానికి పసుపొక్కటే చాలదు, వేపనూనె కూడా పుయ్యి, ఈగలు ముసిరితే పురుగు పడుతుంది. ఇది నీకు తెలుసు, అయినా నువ్వు ఏ పనీ సగం పైన చేయవు కాబట్టి రాస్తున్నా.

గొలుసు విప్పేశాను. ఇక కట్టను. కానీ ఒట్టి మెడతో పంపను. అటక మీద నాయన చేయించిన ముళ్ళ పట్టీ ఉంది కదా, ఇనుప మేకులు బయటికి ఉండేది. దాన్ని చింతపండు వేసి తోమి, లోపల కొత్త తోలు కుట్టించి కరియ మెడకు తగిలించాను. తోడేలు ఎప్పుడైనా గొంతే పట్టుకుంటుంది. పట్టీ ఉంటే నోరు చీరుకుని పోతుంది. పగలైనా రాత్రైనా దాన్ని విప్పవద్దు. వాడు గోక్కుంటాడు, జాలిపడి తీసేస్తావు. తీయవద్దు.

నువ్వు అడిగావని పంపడం లేదు. నువ్వు అడగలేదు. వాడు ఎట్లాగూ వస్తాడు కాబట్టి పట్టీతో వస్తాడు, అంతే.

వాన పడి పక్షం దాటింది. పూతకు వచ్చిన వేరుశనగ చెట్టు తల వేలాడేసింది. మీ వదిన ఆదివారం ఆదివారం మైలారలింగప్ప వెంట తిరిగేది కుక్కే అని, వాన కోసం కరియకు ముందు పెట్టి, ఆ తరువాతే మాకు పెడుతున్నది. మేము తినేసరికి సంగటి చల్లారిపోతున్నది.

ఈశ్వరప్ప

&nbsp;

గుండ్లకొట్టాల,
20 అక్టోబరు 1984

అన్న ఈశ్వరప్పకు,

రెండు నెలలుగా రాయలేదు. రాయడానికి తగాదా ఏమీ లేకపోయింది. కరియ ఊరు సద్దుమణిగినాక వస్తున్నాడు, పొద్దున పోతున్నాడు. తోడేళ్ళు రెండుసార్లు వచ్చి వాడి గొంతు విని మళ్ళిపోయాయి. గొర్రెలన్నీ ఉన్నాయి. ఎర్రచెవులది కాదు పోయింది, దాని చెల్లెలు.

ఇప్పుడు తగాదా దొరికింది. పట్టీ కుట్టించింది ఏ మహానుభావుడి చేత? నిన్న రాత్రి మెడ తడిమితే చేతికి నెత్తురు అంటింది. ఒక మేకు మొదలు కదిలి లోపలికి తిరిగింది. మెడ కింద పుండు పడింది. ఇన్నాళ్ళూ ఆ మేకు గుచ్చుకుంటూ ఉంటే వంక దాటి వస్తూ పోతూ ఉన్నాడు, ఒక్కసారి కుయ్యిమనలేదు. నీకు కనపడలేదా? పగలంతా నీ కాళ్ళ కిందనే ఉంటాడు కదా?

పట్టీ తీసేశాను. తీయవద్దని రాశావు, తెలుసు. తీయకపోతే పుండు గొంతులోకి పోతుంది. రేపు కంబదూరు పోయి కమ్మరి చేత మేకులు బాగు చేయించి తెస్తాను. నాలుగైదు రోజులు పడుతుందేమో, వాడికి తీరిక ఉండదు.

కాబట్టి ఈ ఉత్తరం అందగానే కరియను కట్టేయి. ఈసారి గొలుసుతోనే కట్టు. ఏడిస్తే ఏడవనీ. నా మందను నేను చూసుకుంటాను, మేలుకుని ఉంటాను. పట్టీ లేకుండా రాత్రి వంక దాటనివ్వవద్దు. నేను ఇక్కడే కట్టేద్దామని చూశాను. పొద్దున చేతికి దొరకకుండా నీ దిక్కు పరుగెత్తాడు.

బాలప్ప

&nbsp;

ఎర్రమిట్ట,
21 అక్టోబరు 1984

బాలప్పకు,

వేరుశనగ పీకేశాము. కాయ చేతికి వచ్చింది తక్కువ, మేతకు పనికొచ్చే కట్టె ఎక్కువ. ఇక చేలో పందులు తవ్వుకోవడానికి కూడా ఏమీ లేదు. కరియకు ఇక్కడ పని అయిపోయింది.

నిన్న పొద్దున వాడు మెడలో పట్టీ లేకుండా వచ్చాడు. చూడగానే కోపం వచ్చింది. తీయవద్దని రాసినా తీసేశాడే అనుకున్నా. నిన్నంతా అదే కోపంతో ఉన్నా, రాత్రి కూడా పంపకుండా వాడిని ఇంట్లో వేసి తలుపు పెట్టా. ఈ రోజు కట్టె మోస్తుంటే తట్టింది. నువ్వు అడగలేవు. చిన్నప్పుడు కూడా అంతే, ఆకలైతే అన్నం అడగకుండా గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టేవాడివి. పట్టీ తీసి నీ దగ్గర పెట్టుకున్నావంటే, కుక్కను నీ దగ్గరే ఉంచుకోవాలని కదా. నాకు అర్థమైంది. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ఒకటిన్నర రోజు పట్టింది, అదీ మనం మాట్లాడుకోక.

వాడు ఇక నీ వంతు. పెద్దమనుషులకు నేను చెప్పుకుంటాను. నువ్వు అడగలేదు, నేను ఇచ్చాను, ఇద్దరి మాటా నిలబడింది. వాడికి మాత్రం నడుమ తిరగడం మాన్పించాలి. అందుకని సాయంత్రం చింతబరికె తీసుకున్నా. వాడు పోయే వేళ వరకు ఆగలేదు, దీపాలు పెట్టగానే వంక దాకా తరిమాను. ఆగి వెనక్కు చూశాడు. మళ్ళీ కొట్టాను. ఎప్పుడూ కొట్టలేదు వాడిని. వెనక్కు తిరిగి చూసుకుంటూ పోయాడు.

నీ దగ్గరే ఉంచుకో. రొట్టె పెడితే నూనె రాసి పెట్టు, ఎండు రొట్టె వాడికి గొంతు దిగదు.

ఈశ్వరప్ప

&nbsp;

కళ్యాణదుర్గం, బస్టాండు,
27 అక్టోబరు 1984

బాలప్పకు,

పశువుల డాక్టరు పల్లెల మీద పోయాడట, రేపు వస్తాడంటున్నారు. మందు లేకుండా తిరిగి రాను. ఈడనే పడుకుంటాను. చేతిలో వేరే పని లేదు కాబట్టి, నేను బదులు చెప్పాల్సినవి కొన్ని మిగిలిపోయాయి కాబట్టి రాస్తున్నా.

కరియను తరిమిన మరునాటి పొద్దున వంక ఇసుకలో నువ్వు ఆ గట్టు నుంచీ నేను ఈ గట్టు నుంచీ ఒకేసారి దిగాము. వాడు నడుమ పడి ఉన్నాడు. గొంతు కింద చూడలేకపోయాను. తోడేళ్ళు రెండో మూడో, ఇసుకంతా దున్నినట్టుంది. నువ్వు వాడి ముందు కూలబడి నా మొహం చూడకుండా వాడితోనే అన్నావు. "కరియా, మీ పెద్దనాయనను అడుగు. మెడకు పట్టీ లేని కుక్కను రాత్రి యా మనిషన్నా తోల్తాడా" అని. నాకు నెత్తురు మండింది. నేనూ వాడితోనే అన్నాను. "కరియా, మీ చిన్నాయనతో చెప్పు. పట్టీ తీసినోడు గట్టు మీద నిలబడి ఒక్క కేక ఏసింటే సాలు. కేక ఈ గట్టుకు ఇనపడదా" అని. వాడు నీ మాటకూ తోక కొట్టాడు, నా మాటకూ తోక కొట్టాడు. గొంతు అట్లా ఉండి తోక కొట్టాడు.

నువ్వు కట్టేయమని రాసిన ఉత్తరం ఆ మరునాడు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చదివాను. నేను రాసింది నీకూ ఆ వేళకే చేరి ఉంటుంది. రెండూ కళ్యాణదుర్గంలో ఒకే సంచిలో పక్కపక్కన పడుకుని ఉంటాయి. ఈ బస్టాండులో ఆ పోస్టు పెట్టెను చూస్తే దానికి రాయి వేయాలనిపిస్తున్నది. దానిదేం తప్పులే.

నీ కంబళిలో వేసుకుని మోసినాము కదా, నువ్వు తల దిక్కు, నేను కాళ్ళ దిక్కు. ఎవరి ఇంటికి అని నడుమ ఆగాము. "కరియా, యాడికి పోతావు రా, చెప్పు" అని నువ్వు అడిగితే వాడు నీ గొర్రెలు అరిచిన దిక్కు చెవులు తిప్పాడు. నాకు కష్టం అనిపించలేదు. అప్పటి నుంచి రోజూ మీ రొప్పంలో వాడికి అటు నువ్వు, ఇటు నేను కూచుంటున్నాము. "మీ పెద్దనాయనకు ఆకలైతాండాదేమో అడుగు" అంటావు. "మీ చిన్నాయన ఇంట్లో మజ్జిగ పులుపని చెప్పు" అంటాను. రామాంజినమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. బాలప్పా, పంపకాల ముందు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కూడా మనం ఇన్ని మాటలు మాట్లాడుకోలేదు. గొర్రె తప్పిపోయిందా, నీళ్ళు తోడావా, అంతే.

మొన్న సాయంత్రం వాడి చెవిలో నువ్వు ఒకటి అన్నావు. "మీ పెద్దనాయనను అడుగు, గొర్రెలు నాకే ఇడిసిపెట్టి నన్నెందుకు ఇంట్లోనించి పంపించినాడు" అని. నేను వినపడనట్టు లేచి వచ్చాను. దానికి బదులు వాడితో చెప్పడం చేతకాలేదు. నేను పంపలేదు. నువ్వు పోతానన్నావు. పోవద్దని అనడానికి నాకు నోరు రాలేదు. బోరు గురించి అంత మాట్లాడినవాణ్ణి ఆ ఒక్క మాట అనలేకపోయాను. ఇది రాసినా నాకు తిక్కగానే ఉంది. నీ మీద కూడా తిక్కగానే ఉంది, నువ్వు కూడా ఒక్కసారి గుమ్మంలో ఆగలేదు.

రేపు మందు తీసుకుని సాయంత్రం బస్సుకు వస్తాను. అప్పటిదాకా వాడికి నీళ్ళు గుడ్డతో పిండు, గిన్నె పెట్టవద్దు.

ఈశ్వరప్ప

&nbsp;

గుండ్లకొట్టాల,
29 అక్టోబరు 1984

అన్నా,

నువ్వు కళ్యాణదుర్గం నుంచి రాసింది ఇప్పుడే అందింది. రాత్రి నువ్వు బస్సు దిగి, చీకట్లో వంక దాటడం ఎందుకని ఇంటికే పోయినట్టున్నావు. ఈ పాటికి మందు తీసుకుని బయలుదేరుతూ ఉంటావు. మందు తేవద్దు.

కరియ నిన్న మధ్యాహ్నం పోయాడు. బాధపడలేదు. నీళ్ళు పిండితే రెండు గుక్కలు మింగాడు. మేతకు పోయిన గొర్రెలు నీళ్ళకు మళ్ళి వచ్చే వేళ. మొదటి గొర్రె గుమ్మం దాటేసరికి తల ఎత్తాడు. ఒక్కొక్కటే లోపలికి వస్తుంటే చూస్తూ ఉన్నాడు. అన్నీ వచ్చాయి. ఇంకా గుమ్మం దిక్కే చూశాడు. నీ గొర్రెలు రావాలి కదా వాడి లెక్కలో. అట్లా చూస్తూనే తల నా చేతిలో బరువైపోయింది.

రామాంజినమ్మ ఏడుస్తూ, "బావ ఊరి నుంచి వస్తానే చెప్పి రాపో" అన్నది. నోరు విప్పకూడదు కదా అన్నాను. అప్పుడు నన్ను తిట్టింది చూడు, పెళ్ళైన కాడి నుంచి అంత తిట్టలేదు. "అయితే ఉత్తరం రాయి. కుక్క సచ్చిందని కళ్యాణదుర్గం పోయి ముద్ర ఏయించుకోని, కుళ్ళినంక పోతాది. మీ ఇద్దరి పౌరుషం కాల్చ" అన్నది. ఆయమ్మ తప్పు ఏమీ అనలేదు.

గుంత తవ్వాను, వంక నడుమ దిబ్బ మీద, నీ పక్కా కాదు నా పక్కా కాదు. తవ్విన గుంత అట్లాగే ఉంది. కంబళిలో చుట్టి పక్కన పెట్టాను. వాడు ఎవరి వంతో తేలలేదు కాబట్టి మట్టి ఇద్దరం వేయాలి. నేనొక్కణ్ణే వేయను.

నిన్న చీకటి పడే వేళ ఏమైందో చెబుతాను. బస్సు చప్పుడు వినపడింది. నువ్వు దిగి ఉంటావు అనుకున్నాను. రొప్పంలో ఎప్పుడూ కూచునే చోట కూచుని, "కరియా, మీ పెద్దనాయన ఇంకా రాలేదే" అన్నాను. అని పక్కకు చూశాను. చెయ్యి పెట్టబోతే నేల తగిలింది. నీతో అనాలనుకున్న మాటలు ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఎవరితో చెప్పించేది?

నీ ఉత్తరంలో ఆ చివరి సంగతికి నా బదులు ఉంది. గుమ్మంలో ఆగలేదన్నావు. ఆగాను. చెప్పులు వెతుక్కుంటున్నట్టు చాలాసేపు నిలబడ్డాను. చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి. నువ్వు లోపల బోరు మేస్త్రీతో మాట్లాడుతూ ఉన్నావు. ఇది రాస్తుంటే కోపం మళ్ళీ వస్తున్నది. ఎన్నిసార్లు రాసినా కాగితం అయిపోతున్నది గానీ కోపం అయిపోవడం లేదు.

ఈ ఉత్తరాన్ని పెట్టెలో వేయను. చేత పట్టుకుని నేనే వంక దాటి వస్తున్నాను. బండారు ముట్టుకుని చేసిన ప్రమాణం, తప్పితే పాపం అంటారు. ఆ పాపం నా వంతుకు రాసుకుంటాను, పంచుకోవద్దు. మీ వాకిట్లో నిలబడి అన్నా అని పిలుస్తాను. ఊళ్ళో అందరికీ వినపడేటట్టు పిలుస్తాను. నా మీద కోపం ఉంటే ఉండనీ. తలుపు తీసి, నా మొహం చూసి, నన్ను నోటితో తిట్టు.

బాలప్ప